గట్లు చెరిగిన డిస్కు

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే తీర మార్గంలో ఉన్న రుషికొండకు ఒక వైపు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన సముద్రతీరం, మరొక వైపు ఐటీ సంస్థల కోసం చదును చేసిన కొండలు, ఆ రెంటి చేరువలోనే 1980లో ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై తరువాత డీమ్డ్ విశ్వవిద్యాలయమైన గీతం ప్రాంగణం ఉన్నాయి. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం పెంచి పెద్ద చేసిన నగరానికి కంప్యూటర్ వృత్తి వచ్చి చేరిన చోటు ఇది. ఇక్కడి హాస్టల్ గదులలోను, అద్దె ఇళ్లలోను ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉంచుకొనేవారు ఉన్నారు కనుక, ఆ రెంటి మధ్య హద్దులు జరిపేటప్పుడు ఏర్పడే ఒక ప్రమాదాన్ని గురించి, ఆ ప్రమాదంలో చిక్కిన సమాచారాన్ని తిరిగి దక్కించుకొనే పద్ధతిని గురించి ఈ ప్రసంగం వివరిస్తుంది.

కంప్యూటర్ యంత్రభాగాలను నడిపిస్తూ మిగిలిన ప్రోగ్రాములన్నిటికీ ఆధారంగా నిలిచే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఒకే యంత్రంలో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లను వేరువేరు భాగాలలో ఉంచి, యంత్రాన్ని ఆన్ చేసిన ప్రతిసారీ ఒకదాన్ని ఎంచుకొనే ఏర్పాటును డ్యూయల్ బూట్ అంటారు. 1991లో ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టిన లినక్స్, 2004లో ఉబుంటు వచ్చిన తరువాత సామాన్య వినియోగదారుకు బాగా దగ్గరైంది. దానికి తెలుగు తెరను సమకూర్చడానికి హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ చేసిన కృషి తెలుగువారికి తెలిసినదే. ఇంజనీరింగ్ విద్యార్థికి ప్రోగ్రామింగ్ అభ్యాసానికి లినక్స్ కావాలి, ఆటలకు, కొన్ని ఆన్‌లైన్ పరీక్షలకు విండోస్ కావాలి. తెలుగు డీటీపీ పని చేసేవారి అవసరం మరొక రకమైనది: పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్లు లినక్స్‌లో తెరుచుకోవు కనుక, లినక్స్‌కు మారదలచినవారు కూడా విండోస్‌ను ఒక మూల ఉంచుకోక తప్పదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడంతో, విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లలో లినక్స్‌ను పక్కన చేర్చుకోవాలనే ఆలోచన ఇంకా పెరిగింది. అంటే డిస్కులో హద్దులు జరిపే చేతులు పెరిగాయన్న మాట.

డిస్కులో ఈ హద్దులు ఎలా ఉంటాయో గ్రహించడానికి పొలం పంపకాన్ని తలచుకోవడం మేలు. ఒక పెద్ద కమతాన్ని అన్నదమ్ములు పంచుకొన్నప్పుడు నేల మారదు. నేల మీద గట్లు పడతాయి, ఏ గట్టు నుంచి ఏ గట్టు వరకు ఎవరిదో అడంగల్ అనే రెవెన్యూ లెక్కలోకి ఎక్కుతుంది. డిస్కు కూడా అటువంటి కమతమే. దానిలోని చోటును సెక్టార్లు అనే చిన్న తునకలుగా లెక్కిస్తారు. సంప్రదాయంగా ఒక్కో సెక్టారులో 512 బైట్లు పడతాయి, బైటు అంటే స్థూలంగా ఒక ఇంగ్లీషు అక్షరం పట్టేంత చోటు. ఏ సెక్టారు నుంచి ఏ సెక్టారు వరకు విండోస్‌ది, ఎక్కడి నుంచి లినక్స్‌ది అని చెప్పే భాగాన్ని పార్టిషన్ అని, ఆ భాగాల చిట్టాను పార్టిషన్ పట్టిక అని అంటారు. ఈ పట్టికే డిస్కుకు అడంగల్.

1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో వచ్చినప్పుడు, దానితో పాటు వచ్చిన డాస్ 2.0 ఈ అడంగల్‌ను డిస్కులోని మొట్టమొదటి సెక్టారులో ఇరికించింది. మాస్టర్ బూట్ రికార్డు అనే ఆ సెక్టారులోని 512 బైట్లలో 446 బైట్లు యంత్రాన్ని మేల్కొలిపే చిన్న ప్రోగ్రాముకు, చివరి 2 బైట్లు ముద్రకు పోగా, పట్టికకు మిగిలింది 64 బైట్లే. ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్ల చొప్పున నాలుగు పార్టిషన్లకే అందులో చోటు ఉండేది. ఆ పద్ధతికి నకలు ఉండేది కాదు, ఆ ఒక్క సెక్టారు పాడైతే అడంగల్ మొత్తం పోయినట్టే. తరువాత వచ్చిన జీపీటీ అనే పద్ధతి ఈ లోపాన్ని శ్రద్ధగా సరిచేసింది. సాధారణంగా 128 పార్టిషన్లకు చోటు ఇవ్వడమే కాక, పట్టికను డిస్కు మొదట్లో ఒకసారి, చివర మరొకసారి రాసి, రెంటిలోను తప్పు పట్టే లెక్కను కూడా జతచేస్తుంది. ఊళ్లో లెక్క తడిసి పాడైనా తహసీల్దారు కార్యాలయంలో నకలు ఉన్నట్టు, మొదటి పట్టిక చెరిగినా చివరిది మిగిలి ఉంటుంది. 2012లో విండోస్ 8 వచ్చిన నాటి నుంచి అమ్ముడవుతున్న ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఉండేది ఈ జీపీటీయే.

పార్టిషన్ ప్రమాదంలో ముందుగా చెరిగేది అడంగల్, నేల కాదు. డిలీట్ అనే మాట నొక్కినప్పుడు సాధారణంగా పట్టికలోని ఒక పంక్తి మాత్రమే తుడిచివేయబడుతుంది. ఆ పార్టిషన్‌లోని ప్రాజెక్టు నివేదికలు, ఫొటోలు, పెళ్లి వీడియోలు ఉన్న సెక్టార్లలోనే ఉంటాయి, వాటికి దారి చూపే పంక్తి మాత్రం ఉండదు. కాబట్టి తెర మీద ఆ చోటు అంతా ఖాళీ అని కనిపించినప్పుడు అది అబద్ధమని తెలుసుకొని ఆగినవారు సమాచారాన్ని దక్కించుకొంటారు. దానిని నిజమని నమ్మి ఆ ఖాళీలో మళ్లీ ఏదో ఒకటి ఎక్కించినవారు పోగొట్టుకొంటారు. మొదటి పొరపాటుతో పోయినదాని కంటే, దాన్ని సరిదిద్దాలనే తొందరలో చేసిన రెండో పనితో పోయినదే ఈ విషయంలో తరచు ఎక్కువగా ఉంటుంది.

మొదటి పొరపాటు సాధారణంగా ఈ విధంగా జరుగుతుంది. సెమిస్టర్ మధ్యలో సీ డ్రైవ్ నిండిపోతుంది; లినక్స్‌ను ఎటూ వాడటం లేదనుకొన్న విద్యార్థి విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, పేరు లేకుండా కనిపించే పార్టిషన్లను తొలగిస్తాడు. యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయగానే విండోస్ రాదు. నల్లని తెర మీద గ్రబ్ అనే మాట, దాని పక్కన మిణుకుమనే గీత మాత్రం కనిపిస్తాయి, పాత పద్ధతి డిస్కైతే గ్రబ్ రెస్క్యూ అని కూడా ఉంటుంది. గ్రబ్ అంటే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఏది కావాలో అడిగి దాన్ని లేపే ద్వారపాలక ప్రోగ్రాము. దానికి కావలసిన సామగ్రి అంతా తొలగించిన ఆ లినక్స్ పార్టిషన్‌లోనే ఉండటం వలన అది వాకిట్లో ఒంటరిగా నిలబడిపోతుంది. విండోస్‌కు ఏమీ కాలేదు, ఫైళ్లకు ఏమీ కాలేదు, కానీ ఆ నల్లని తెర చూసినవారికి అంతా పోయిందనే అనిపిస్తుంది.

ఈ స్థితిలో జీపీటీ యంత్రాలకు తేలికైన మార్గం ఒకటి ఉంది. ఈ యంత్రాలలో ఆపరేటింగ్ సిస్టమ్‌లను మేల్కొలిపే ఫైళ్లన్నీ ఈఎఫ్ఐ పార్టిషన్ అనే ఒక చిన్న ఉమ్మడి వాకిట్లో, ఎవరి సంచి వారిదిగా ఉంటాయి. విండోస్ తనంతట తాను ఏర్పాటు చేసుకొన్నప్పుడు దానికి సాధారణంగా 100 మెగాబైట్లు కేటాయిస్తుంది. యంత్రం ఆన్ అయ్యే క్షణంలో తయారీదారును బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి ఒక మీట నొక్కితే ఆ వాకిట్లోని పేర్ల జాబితా వస్తుంది, అందులో విండోస్ బూట్ మేనేజర్‌ను ఎంచుకొంటే విండోస్ మామూలుగా తెరుచుకొంటుంది. విండోస్‌ను మళ్లీ ఎక్కించిన తరువాత లినక్స్ మాయమైందని బాధపడేవారికి కూడా చాలా సందర్భాలలో ఇదే జరిగి ఉంటుంది. లినక్స్ పార్టిషన్ ఉన్నచోటే ఉంది, జాబితాలో మొదటి స్థానం మాత్రం విండోస్‌కు దక్కింది. ఆ వరుసను మార్చడానికి అయిదు నిమిషాలు చాలు.

కానీ లినక్స్ పార్టిషన్‌లోనే విలువైన సమాచారం ఉన్నప్పుడు, లేదా లినక్స్ ఎక్కించేటప్పుడు డిస్కు మొత్తం చెరిపి ఎక్కించు అనే వరుస మీద పొరపాటున వేలు పడినప్పుడు, పని నిజంగా కష్టమవుతుంది. అప్పుడు మొట్టమొదట చేయవలసినది ఆ డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా యంత్రాన్ని ఆపివేయడమే. పట్టిక పాడైన డిస్కును చూసిన విండోస్ ఈ డిస్కును ఇనీషియలైజ్ చేయాలా అని అడుగుతుంది, గుర్తుపట్టలేని పార్టిషన్ కనిపిస్తే వాడటానికి ముందు ఫార్మాట్ చేయాలని అంటుంది. ఈ రెండు ప్రశ్నలూ మర్యాదగా, సాయం చేస్తున్నట్టుగా వస్తాయి కనుక చాలామంది సరే అని నొక్కుతారు. మొదటిదానికి సరే అంటే కొత్త ఖాళీ అడంగల్ పాతదాని మీద పడుతుంది, రెండోదానికి సరే అంటే నేలనే దున్నడం మొదలవుతుంది. రెంటికీ సమాధానం వద్దు అనే ఉండాలి. పోయిన ఫైళ్లు తెచ్చే ప్రోగ్రామును అదే డిస్కులోకి దింపుకోవడం కూడా ఇటువంటి తప్పే, ఎందుకంటే ఆ ప్రోగ్రాము వచ్చి కూర్చునేది పోయిన ఫైళ్ల మీదనే కావచ్చు.

ఇక్కడ డిస్కు రకాన్ని బట్టి ఒక పెద్ద తేడా ఉంది, దీనిని కాస్త వివరంగా చెప్పుకోవాలి. తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్ డిస్కులో, మరొకటి దాని మీద రాసేవరకు పాత సమాచారం అలాగే ఉంటుంది, ఏళ్లు గడిచినా ఉంటుంది. ఈ కాలపు ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎస్ఎస్‌డీ, అంటే కదిలే భాగాలు లేకుండా చిప్‌లలో సమాచారాన్ని దాచే డిస్కు, రాసిన చోటనే నేరుగా తిరిగి రాయలేదు. ముందు చెరపాలి, తరువాత రాయాలి, ఆ చెరపడానికి సమయం పడుతుంది. అందువలన ఫలానా చోటు ఇక అక్కరలేదని ఆపరేటింగ్ సిస్టమ్ ముందుగానే డిస్కుకు కబురు పెడుతుంది, ఆ కబురునే ట్రిమ్ అంటారు. ఆ కబురు అందిన చోట చదవబోతే చాలా డిస్కులు సున్నాలే చూపిస్తాయి. పట్టికలో పంక్తిని తొలగించినంత మాత్రాన మామూలుగా ఈ కబురు వెళ్లదు, ఆ ఖాళీని ఎవరూ తమదని చెప్పుకోరు కాబట్టి. అయితే అదే ఖాళీలోకి సీ డ్రైవ్‌ను పొడిగిస్తే ఆ నేల విండోస్ ఏలుబడిలోకి వస్తుంది, విండోస్ తన వారంవారీ నిర్వహణలో భాగంగా తన ఖాళీ చోటంతటికీ ట్రిమ్ కబురు పంపుతుంది, అంతటితో పాత లినక్స్ ఫైళ్ల కథ ముగుస్తుంది. లినక్స్ ఎక్కించేటప్పుడు ఈఎక్స్‌టీ4 పద్ధతిలో పార్టిషన్‌ను సిద్ధం చేసే ప్రోగ్రాము కూడా మొదటే ఈ కబురు పంపుతుంది కనుక, డిస్కు మొత్తం చెరిపే వరుసను ఎంచుకొని చివరిదాకా వెళ్లిన ఎస్ఎస్‌డీ నుంచి ఎంతో ఆశించకూడదు. ఇది చేదు మాటే అయినా ముందుగా తెలిసి ఉండటం మంచిది, లేనిపక్షంలో ఆశపడి డబ్బు పోగొట్టుకొనే అవకాశం ఉంది.

యంత్రాన్ని ఆపిన తరువాత చేయవలసినది నకలు తీయడం. మరొక కంప్యూటరులో ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్‌తో దెబ్బతిన్న ల్యాప్‌టాప్‌ను తెరిస్తే, లోపలి డిస్కును ముట్టుకోకుండానే పని చేసుకోవచ్చు. దీనిని లైవ్ పద్ధతి అంటారు, ఇక్కడ ఎంచుకోవలసినది ఎక్కించు అన్న వరుస కాదు, ప్రయత్నించి చూడు అన్న వరుస. అక్కడ నుంచి గ్నూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో డిస్కులోని ప్రతి సెక్టారును, ఖాళీగా కనిపించేదాన్ని కూడా వదలకుండా, అంతకంటే పెద్దదైన బయటి హార్డ్ డిస్కులోకి దించాలి. సెకనుకు 100 మెగాబైట్ల వేగం వచ్చినా 512 గిగాబైట్ల డిస్కుకు దాదాపు గంటన్నర పడుతుంది. ఈ గంటన్నర దండగ అని చాలామందికి అనిపిస్తుంది, కానీ తరువాత చేసే ప్రతి ప్రయత్నమూ నకలు మీద జరుగుతుంది కనుక ఎన్నిసార్లు తప్పినా అసలు చెక్కుచెదరదు.

జీపీటీ డిస్కులో మొదటి పట్టిక మాత్రమే పాడై ఉంటే జీడిస్క్ అనే ప్రోగ్రాము చివరనున్న నకలు నుంచి దాన్ని తిరిగి రాయగలదు, ఆ పని క్షణాల్లో అయిపోతుంది. పంక్తులను చేజేతులా తొలగించినప్పుడు ఈ దారి పనికిరాదు, ఎందుకంటే తొలగింపు రెండు నకళ్లలోనూ నమోదై ఉంటుంది. అటువంటప్పుడు అడంగల్‌ను పక్కనపెట్టి, పొలానికే వెళ్లి హద్దు రాళ్లు వెతకాలి. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే రాసి ఉచితంగా అందించిన టెస్ట్‌డిస్క్ చేసేది అదే. ప్రతి పార్టిషన్‌కూ దాని మొదట్లోనే ఒక గుర్తు ఉంటుంది: విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పార్టిషన్ తొలి సెక్టారులో నాలుగో బైటు నుంచి ఎన్‌టీఎఫ్ఎస్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలే రాసి ఉంటాయి, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4లో మొదటి 1024 బైట్లు వదిలిన తరువాత సూపర్ బ్లాక్ అనే వివరాల పత్రం ఉంటుంది. హద్దు రాయి మీద పొలం విస్తీర్ణం కూడా చెక్కి ఉన్నట్టు, ఈ పత్రాలలో ఆ పార్టిషన్ పొడవు కూడా నమోదై ఉంటుంది; మొదలు దొరికితే కొస ఎక్కడో లెక్క వేయవచ్చు. మొదటి రాయి విరిగిపోయినా ఆధారం పోదు. ఎన్‌టీఎఫ్ఎస్ తన తొలి సెక్టారు నకలును పార్టిషన్ చిట్టచివర దాచుకొంటుంది, ఈఎక్స్‌టీ4 తన సూపర్ బ్లాక్ నకళ్లను పార్టిషన్ పొడవునా పలు చోట్ల ఉంచుతుంది. నాలుగు కిలోబైట్ల బ్లాకులతో కట్టిన పార్టిషన్‌లో మొదటి నకలు 32,768వ బ్లాకులో ఉంటుంది. ఇంత ముందుచూపుతో వీటిని రూపొందించినవారికి ప్రపంచంలోని ఎన్నో కుటుంబాల ఫొటోలు రుణపడి ఉన్నాయి.

టెస్ట్‌డిస్క్ తెర ఆకర్షణీయంగా ఉండదు. నల్లని తెర మీద తెల్లని వరుసలు, మౌస్‌తో పని లేదు, బాణం మీటలతోనే నడవాలి. డిస్కును, పట్టిక రకాన్ని ఎంచుకొని అనలైజ్ అనే వరుసకు వెళ్లి శీఘ్ర శోధన నడిపితే దొరికిన పార్టిషన్లు ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఇక్కడే ఆగవలసిన చోటు ఒకటి ఉంది. దొరికిన వరుస మీద నిలిచి పీ అనే అక్షరం నొక్కితే ఆ పార్టిషన్‌లోని ఫోల్డర్ల పేర్లు తెర మీదికి వస్తాయి. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, మూడో సెమిస్టర్ అని తాను పెట్టుకొన్న పేర్లు అక్కడ కనిపించాయంటే ఆ హద్దు సరైనదే. పేర్లు రాకపోయినా, పిచ్చి గుర్తులు వచ్చినా ఆ హద్దు గతంలో ఎప్పుడో ఉండి పోయిన పార్టిషన్‌ది కావచ్చు. డిస్కును రెండు మూడుసార్లు పంచినవారికి పాత గట్ల ఆనవాళ్లు కూడా కొత్తవాటితో కలిసి దొరుకుతాయి కనుక, ఈ పరీక్ష చేయకుండా రైట్ అనే చివరి వరుసను నొక్కకూడదు. పేర్లు కనిపిస్తున్నప్పుడే సీ అనే అక్షరంతో వాటిని బయటి డిస్కులోకి నకలు చేసుకొని, ఆ తరువాతే పట్టికను రాయడం వివేకం. రెండు పార్టిషన్లు ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తే, అంటే పోయిన లినక్స్ చోటులోకి సీ డ్రైవ్ అప్పటికే పాకి ఉంటే, పట్టికను రాసే ఆలోచన మానుకొని ఫైళ్లను మాత్రమే తోడుకోవాలి.

రాళ్లేవీ దొరకని డిస్కు కోసం అదే రచయిత రాసిన ఫొటోరెక్ ఉంది. అది పార్టిషన్లను, ఫోల్డర్లను పట్టించుకోదు. ఫొటోకు, పీడీఎఫ్‌కు, వర్డ్ ఫైలుకు మొదట్లో ఉండే ఆకృతిని గుర్తుపట్టి ఒక్కొక్కటిగా ఏరుతుంది. ఈ ఏరిన ఫైళ్లకు పాత పేర్లు ఉండవు, ఎఫ్ అనే అక్షరం తరువాత సెక్టారు సంఖ్యతో వేలకొద్దీ ఫైళ్లు వరుస సంఖ్యల ఫోల్డర్లలో కుప్పపడతాయి. తెలుగులో పని చేసేవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్‌లో టైపు చేసిన ఫైళ్లయితే లోపలి తెలుగు మాటను బట్టి వెతికి ఏది ఏదో తేల్చుకోవచ్చు. అను ఫాంట్లతో కూర్చినవైతే ఫైలు లోపల ఉన్నవి నిజానికి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది కనుక తెలుగు మాటతో వెతికితే ఒక్కటీ దొరకదు. పేరు పోయిన పుస్తకం, వెతకడానికి వీలులేని లిపి, ఈ రెండూ కలిస్తే ఒక్కొక్క ఫైలును తెరిచి చదవడం తప్ప గతి లేదు. తెలుగు ప్రచురణలు యూనికోడ్‌కు మారాలని చెప్పే కారణాలలో ఈ కారణాన్ని ఎవరూ చెప్పరు, అయినా ఇది చిన్న కారణం కాదు.

పార్టిషన్ తిరిగి వచ్చిన తరువాత కూడా యంత్రం వెంటనే సాఫీగా తెరుచుకోకపోవచ్చు. లినక్స్ ప్రతి పార్టిషన్‌ను యూయూఐడీ అనే పొడవాటి గుర్తింపు సంఖ్యతో తలుస్తుంది, ఆ సంఖ్యలు ఎఫ్ఎస్‌టాబ్ అనే ఫైలులో రాసి ఉంటాయి. మెమరీకి తోడుగా లినక్స్ వాడుకొనే స్వాప్ పార్టిషన్‌ను కొత్తగా కట్టినప్పుడు దాని సంఖ్య మారిపోవడం వలన, లినక్స్ పాత సంఖ్య కోసం ఒక నిమిషం 30 సెకన్లు ఎదురుచూసి గాని ముందుకు కదలదు. గ్రబ్ కూడా చెడి ఉంటే దాన్ని లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి మళ్లీ నిలబెట్టాలి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్కనున్న ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్ అనే భాగం సహజంగా ఆపి ఉంచబడుతోంది కనుక, గ్రబ్ తెరలో విండోస్ పేరు కనిపించకపోతే విండోస్ పోయిందని భయపడనక్కరలేదు, ఆ భాగాన్ని తిరిగి అనుమతిస్తే చాలు. మనిషి చేతి పొరపాటు ఏదీ లేకుండానే ఇటువంటిది జరిగిన సందర్భం కూడా ఉంది: 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ నవీకరణ తరువాత, ప్రపంచవ్యాప్తంగా పలు డ్యూయల్ బూట్ యంత్రాలలో లినక్స్ భద్రతా నియమ ఉల్లంఘన అనే సందేశంతో ఆగిపోయింది. డిస్కులో ఏ గట్టూ చెరగని ఆ సందర్భంలో కూడా కొందరు కంగారుపడి డిస్కును చెరిపి మళ్లీ మొదలుపెట్టి ఉంటారంటే ఆశ్చర్యం లేదు.

కొత్త ల్యాప్‌టాప్‌లతో మరొక జాగ్రత్త అవసరం. బిట్‌లాకర్ అనేది డిస్కులోని సమాచారాన్ని తాళం వేసిన సంకేతలిపిలోకి మార్చే విండోస్ ఏర్పాటు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో విండోస్ 11 మొదలుపెట్టిన యంత్రాలలో, యజమాని అడగకుండానే ఈ తాళం పడి ఉండవచ్చు. బూట్ వరుస మార్చినా, పార్టిషన్లు జరిపినా అది అనుమానించి 48 అంకెల తాళపు సంఖ్యను అడగవచ్చు. ఆ సంఖ్య సాధారణంగా అదే ఖాతాలో భద్రమై ఉంటుంది. అక్కడ లేకపోతే టెస్ట్‌డిస్క్ సరైన హద్దులు చూపించినా లోపలి ఫైళ్లు ఎవరికీ తెరుచుకోవు. కాబట్టి పార్టిషన్ జరపబోయే ముందు ఆ 48 అంకెలను కాగితం మీద రాసుకోవడం మొదటి మెట్టు.

పార్టిషన్‌ను తొలగించడం కంటే జరపడం మరింత ప్రమాదకరం, ఎందుకంటే జరపడంలో నేల కూడా కదులుతుంది. జీపార్టెడ్ వంటి ప్రోగ్రాము ఒక పార్టిషన్ మొదలును కుడికో ఎడమకో జరిపేటప్పుడు, దానిలోని సెక్టార్లన్నిటినీ ఒక్కొక్క తునకగా కొత్త చోటికి మోస్తుంది. గంటలు పట్టే ఆ పని మధ్యలో కరెంటు పోతే సగం పార్టిషన్ పాత చోట, సగం కొత్త చోట ఉండిపోతుంది, దాన్ని అతకడం నిపుణులకు కూడా కష్టమే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకిన తరువాత నగరం రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి రుషికొండ ఎరుగును. అంత పెద్ద గాలి అక్కరలేదు, వేసవి సాయంత్రపు చిన్న ఈదురుగాలి చాలు. చార్జర్ తగిలించి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలి. ఎన్‌టీఎఫ్ఎస్‌ను తగ్గించే పనిని విండోస్‌కే, ఈఎక్స్‌టీ4ను తగ్గించే పనిని లినక్స్‌కే అప్పగించాలి, దానికి ముందు విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపాలి, ఎందుకంటే ఆ ఏర్పాటు ఉన్నంతకాలం విండోస్ పూర్తిగా నిద్రపోకుండా సగం మెలకువలోనే పార్టిషన్‌ను పట్టుకొని ఉంటుంది.

ల్యాప్‌టాప్ తెరుచుకోనప్పుడు చాలామంది దాన్ని చంకన పెట్టుకొని విశాఖలోని ద్వారకానగర్ వంటి చోట్ల ఉన్న దుకాణాలకు వెళతారు. అక్కడ సాధారణంగా వినిపించే మాట ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించేద్దామన్నదే. దుకాణదారుకు యంత్రం తిరిగి నడవడమే పని పూర్తవడం, అందులో తప్పు లేదు. లోపల ఏముందో, దానికి ఎంత విలువో యజమానికి మాత్రమే తెలుసు. కాబట్టి ల్యాప్‌టాప్‌ను చేతికి ఇచ్చే ముందే యంత్రం కాదు, ఫైళ్లు కావాలి, డిస్కు నకలు తీసేవరకు దేనినీ ఎక్కించవద్దు అని స్పష్టంగా చెప్పాలి, వీలైతే రసీదు మీద రాయించుకోవాలి. మొహమాటపడి ఈ ఒక్క మాట చెప్పకపోవడం వలన ఎందరో విద్యార్థుల నాలుగేళ్ల చదువు ఒక మధ్యాహ్నంలో చెరిగిపోయింది.

ఇంతవరకు ఈ ప్రమాదానికి గురికానివారు ఈ సాయంత్రమే చేయదగిన పని ఒకటి ఉంది. లినక్స్‌లో ఎస్‌జీడిస్క్ అనే ప్రోగ్రాముకు బ్యాకప్ అనే ఆజ్ఞ ఇస్తే జీపీటీ పట్టిక మొత్తం ఒక ఫైలుగా బయటికి వస్తుంది. దాన్ని అదే డిస్కులో ఉంచకుండా తమకు తామే ఈమెయిల్ చేసుకోవాలి, లేదా ఇంట్లో ఉన్న మరొకరి ఫోనులో దాచాలి. రేపు గట్లు చెరిగినా ఏ గట్టు ఎక్కడుండేదో సెక్టారుతో సహా చెప్పగల ఆ ఫైలు పరిమాణం 18 కిలోబైట్లకు మించదు.